ప్రాణాలమ్ముకునే గేముల్ని పజిళ్ళు అనకండి

మీ ఫోన్లో యాప్ స్టోరు తెరిచి 'పజిల్' అని కొట్టి చూడండి. మిఠాయిలు, రత్నాలు, పళ్ళు, ఇటుకలు... మూడేసి చొప్పున కలిపితే టప్పున పేలిపోయేవన్నీ వరసగా దిగుతాయి. ఇవి పజిళ్ళట! నా గొడవంతా ఆ 'ట' దగ్గరే.

దాదాపు పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ గేముల వైపొచ్చాను. ఇంజనీరింగ్ రోజుల్లో అందరిలాగే డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా, రోడ్ రాష్, హాస్టల్ గదుల మధ్య కేబుళ్ళు లాగి కౌంటర్ స్ట్రైక్. ఆ తర్వాత ఉద్యోగం, ఆన్‌సైటు, పెళ్ళి, పిల్ల, ఇంటి లోను. ఈ వరస మీకూ తెలిసిందే కాబట్టి సాగదియ్యను. మా అమ్మాయి కాస్త పెద్దదై తన హోంవర్కు తనే చేసుకోవడం మొదలెట్టాక రాత్రి తొమ్మిదిన్నర దాటితే ఓ గంట ఖాళీగా దొరుకుతోంది. కాల్చడాలూ నరకడాలూ నాకు పడవు, వేళ్ళు కూడా ఆ రోజుల్లోలాగా పరిగెత్తవు. ఒక చోటు, ఒక కథ, అందులో బుర్రకి పని - ఇంతే నాకు కావలసింది. ఫోన్లో వెతికితే ఎదురైంది మాత్రం పైన చెప్పిన మిఠాయి కొట్టు.

పజిల్ అంటే ఏంటో ముందు తేల్చుకుందాం. నా లెక్కలో పజిల్‌కి ఒకటే గుర్తు. విప్పక ముందు మీకు తెలియనిదేదో విప్పాక తెలిసుండాలి. అందుకే ఒకసారి విప్పిన పొడుపు కథని రెండోసారి విప్పలేం. "కిటకిట తలుపులు కిటారి తలుపులు" అని ఎవరన్నా మొదలెడితే కళ్ళని చెప్పేస్తాం, ఇంక అందులో ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు క్యాండీ క్రష్‌ని ఈ కొలతతో కొలవండి. 2012 లో వచ్చింది. ఐదు ప్రాణాలిస్తారు. ఒకటి పోతే తిరిగి రావడానికి అరగంట పడుతుంది. ఆగలేకపోతే డబ్బు కట్టాలి, లేదా స్నేహితుల్ని అడుక్కోవాలి. పైనుంచి ఏ రంగు మిఠాయి రాలుతుందో మీ చేతిలో లేదు. ఒక లెవెల్లో పదిసార్లు ఓడి పదకొండోసారి గెలిచారనుకోండి, ఆ పదింటికీ ఈ ఒక్కదానికీ మధ్య మీరు నేర్చుకున్నదేంటి? చాలాసార్లు ఏమీ ఉండదు. మిఠాయిలు కలిసొచ్చాయి, అంతే. లెవెళ్ళు పదివేలు దాటి చాలా కాలమైంది, ఇంకా వస్తూనే ఉన్నాయి. అయిపోయేది కాదు, అయిపోకూడదు కూడా. దాన్ని తయారుచేసిన కింగ్ అనే కంపెనీని యాక్టివిజన్ బ్లిజార్డ్ వాళ్ళు 2016 లో 5.9 బిలియన్ డాలర్లు పోసి కొనుక్కున్నారు. అరగంట ఆగలేని జనం లోకంలో ఎంతమంది ఉన్నారో లెక్క కట్టుకునే కొనుంటారు.

ఇంకో రకం మోసం ఉంది. రాజుగారో, కోటు వేసుకున్న ఆయనో ఓ గదిలో ఇరుక్కుంటాడు, పక్కన మంటలు, పైన నీళ్ళు, ఏ మేకు లాగాలో మీరు చెప్పాలి. ప్రకటనలో ఇదంతా చూసి నిజంగానే బాగుంది కదా అని దించుకుంటారు. లోపల చూస్తే మళ్ళీ అవే మూడేసి కలిపే బొమ్మలు! హోమ్‌స్కేప్స్, గార్డెన్‌స్కేప్స్ గేముల ప్రకటనలు రెండిటిని 2020 లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ ఈ కారణం మీదే తప్పుదోవ పట్టిస్తున్నాయని ఆపించింది. నాకు ఇందులో తమాషాగా అనిపించేది ఏంటంటే, జనానికి ఆశ చూపించడానికి వాళ్ళు వాడుకున్నది అసలైన పజిల్నే. అంటే జనం అడిగేదేంటో వాళ్ళకి తెలుసు. ఇవ్వరు, ఎందుకంటే అసలు పజిల్ ఒకసారి విప్పితే అయిపోతుంది, దాంట్లో రోజూ డబ్బులు రాలవు.

మన వైపు పరిస్థితి ఇంకా అన్యాయం. 'ఆన్‌లైన్ గేమ్' అనగానే మనోళ్ళకి రమ్మీ గుర్తొస్తుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017 లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020 లో నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఏకంగా దేశం మొత్తానికీ డబ్బు పందేల గేముల మీద చట్టం చేసింది. అప్పుల పాలై కుటుంబాలు కూలిపోవడం చూశాం కాబట్టి ఆ చట్టాల అవసరం నాకు అర్థమవుతుంది. కానీ దీనివల్ల జరిగిందేంటంటే, ఒక నలభై ఏళ్ళ మనిషి "రాత్రి గేము ఆడాను" అంటే ఆఫీసులో "ఎంత పోగొట్టావ్ బాబాయ్?" అని అడుగుతున్నారు. అదే మనిషి "రాత్రి రెండింటిదాకా రీల్స్ చూశాను" అంటే ఎవ్వరూ ఏమీ అడగరు. ఇదెక్కడి న్యాయమండీ?

సరే, నేను వెతికి పట్టుకున్న సరుకు సంగతికొద్దాం. పజిల్ అడ్వెంచర్ అనే ఈ రకం గేము పుట్టిందే మనలాంటి ఒకడి చేతిలో. విల్ క్రౌథర్ అని, ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌లో పనిచేసిన ప్రోగ్రామరు. గుహల్లో తిరగడం ఆయనకి సరదా. విడాకులయ్యాక, తన కూతుళ్ళు ఆడుకోవడానికని 1975-76 ప్రాంతంలో ఫోర్ట్రాన్‌లో ఒక గుహ గేము రాశాడు. బొమ్మల్లేవు, ఒట్టి అక్షరాలే. ఉత్తరం వెళ్ళు, దీపం తీసుకో, ఇలా టైపు చెయ్యాలి. 1977 లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్ద చేశాడు. 'కొలాసల్ కేవ్ అడ్వెంచర్' అదే. ఆ జాడలోనే 1993 లో మిస్ట్ వచ్చింది. ఆ డబ్బాలో సీడీతో పాటు నోట్సు రాసుకోవడానికి ఖాళీ పుస్తకం ఒకటి పెట్టి మరీ అమ్మారు! ఆటగాడి దగ్గర పెన్సిలుంటుందని, ఆలోచిస్తాడని కంపెనీకి ఉన్న నమ్మకం చూడండి. 2002 లో సిమ్స్ దాటేదాకా కంప్యూటర్ గేముల్లో ఎక్కువగా అమ్ముడైంది ఆ మిస్టే.

పాతదంతా బంగారం అనే రకాన్ని కాను నేను. తొంభైల చివర ఈ గేములు చచ్చిపోయాయని అందరూ రాశారు. చావాల్సినవే చచ్చాయి. సియెర్రా వాళ్ళ గేబ్రియల్ నైట్ 3 (1999) లో ఒక ఘట్టం చెప్తా వినండి. హీరోకి అద్దె మోటార్‌సైకిలు కావాలి. అది తన స్నేహితుడి పేరున బుక్కయ్యుంది, కాబట్టి ఆ స్నేహితుడిలా వేషం వెయ్యాలి. దానికి మీసం కావాలి. మీసం కోసం గోడౌన్ తలుపుకున్న కన్నానికి టేపు అంటించి, పిల్లి మీద నీళ్ళు కొట్టి, అది భయంతో ఆ కన్నంలోంచి దూరేటప్పుడు టేపుకి అంటుకున్న వెంట్రుకల్ని పాకం లాంటి సిరప్‌తో మూతికి అతికించుకోవాలి. ఇంతా చేస్తే ఆ స్నేహితుడికి అసలు మీసమే లేదు! అందుకని అతని పాస్‌పోర్టు ఫొటో మీద మార్కర్‌తో మీసం గియ్యాలి. ఇది ఎవడికి తడుతుందండీ? రాసినవాడికి తప్ప ఎవడికీ తట్టదు. ఎరిక్ వోల్పా అనే ఆయన 2000 సంవత్సరంలో ఈ మీసాన్నే పట్టుకుని, అడ్వెంచర్ గేముల్ని ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసుకున్నాయని ఉతికి ఆరేశాడు. తర్వాత అదే వోల్పా వాల్వ్ కంపెనీలో చేరి 2007 లో పోర్టల్‌కి రాశాడు. పజిల్‌నీ కథనీ కలిపి ఎంత బాగా నడపొచ్చో చూపించిన గేముల్లో అదొకటి. తిట్టినవాడు ఊరుకోకుండా చేసి చూపించాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

ఇంకో దరిద్రం కూడా ఆ రోజుల్లోదే. గేములో ఇరుక్కుంటే హింట్లు అమ్మేవాళ్ళు. కనబడని సిరాతో అచ్చేసిన హింట్ల పుస్తకాన్ని ఇన్ఫోకామ్ అమ్మింది, ప్రత్యేకమైన మార్కర్‌తో రుద్దితే ఒక్కో హింటూ బయటపడేది. సియెర్రాకైతే ఫోన్ చేసి హింట్లు అడగడానికి లైనే ఉండేది. పిల్లి మీసాలు పెట్టే ప్రలోభం ఎక్కడినుంచి వస్తుందో అర్థమైంది కదా. జవాబు అమ్ముకునేవాడు ప్రశ్నని తిన్నగా ఉంచుతాడా? ప్రాణాలమ్మేవాడికి ఇదే వర్తిస్తుంది.

మధ్యలో ఈ పదిహేనేళ్ళలో నేను చూడనప్పుడు జరిగిందేంటంటే, చిన్న చిన్న బృందాలు, ఒక్కోసారి ఒక్క మనిషి, ఈ జబ్బుకి మందు కనిపెట్టారు. అందులో నన్ను మూడు వారాలపాటు పట్టుకున్నది 'రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్' (2018). లూకస్ పోప్ అనే ఒకే ఒక్క మనిషి చేసింది. బొమ్మలు పాత మ్యాక్ తెరలాగా రెండే రంగులు. 1803 లో సముద్రంలో కనబడకుండా పోయిన ఓడొకటి 1807 లో ఒక్క ప్రాణి కూడా లేకుండా ఇంగ్లండు రేవుకి తిరిగొస్తుంది. మనం ఈస్టిండియా కంపెనీ తరఫున వెళ్ళిన ఇన్స్యూరెన్సు ఇన్‌స్పెక్టరు. (మన తాతముత్తాతల్ని పిండుకున్న కంపెనీకే గుమస్తాగిరీ చెయ్యడం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది, నిజమే.) ఓడలో 60 మంది. ఒక్కొక్కరూ ఎవరు, ఏమయ్యారు, చంపితే ఎవరు చంపారు, ఇదంతా పుస్తకంలో నింపాలి. మన దగ్గరున్నది ఒక గడియారం. శవం దగ్గర తెరిస్తే ఆ మనిషి చనిపోయిన క్షణానికి ముందు మాటలు వినబడతాయి, ఆ క్షణం బొమ్మలా నిలబడిపోయి కనిపిస్తుంది. అందులో తిరిగి చూసుకోవాలి.

ఎవరూ తమ పేరు చెప్పరు. ఎవడి యాస ఏంటి, ఎవడు ఎవడి పక్కన నిలబడతాడు, ఎవడు ఏ నంబరు వేసిన ఉయ్యాల పడకలో పడుకుంటాడు, ఎవడి బూట్లు ఎలా ఉన్నాయి, వీటిమీదే పట్టుకోవాలి. ఆ జాబితాలో మన దేశపు నావికులు కూడా ఉన్నారు. అన్నిటికన్నా గొప్ప కిటుకు ఏంటంటే, మీరు రాసింది రైటో తప్పో ఒక్కొక్కటిగా చెప్పదు. మూడు పూర్తిగా సరిగ్గా కుదిరితేనే ఆ మూడిట్నీ ఖాయం చేస్తుంది. అంటే ఒకడి పేరు దగ్గర అరవై పేర్లూ తిప్పి తిప్పి చూస్తే కుదరదు. రెండు కచ్చితంగా తెలిసుంటే మూడోది గుడ్డిగా తిప్పొచ్చు, ఆ కన్నం ఉంది, కాదనను. కానీ ఆ రెండు కచ్చితంగా తెలియడానికే బుర్ర వేడెక్కిపోతుంది.

దీన్ని మన పనితో పోల్చి చూసుకోండి. ప్రొడక్షన్ ఇష్యూ వచ్చిందంటే కాల్‌లో పద్నాలుగు మంది ఉంటారు. లాగు ఎవడూ తెరవడు. ఒకాయన "సర్వర్ ఓసారి రీస్టార్ట్ చేద్దామా" అంటాడు. ఇంకొకాయన "నిన్నటి రిలీజ్ వెనక్కి తీసేద్దాం" అంటాడు. ఏదో ఒకటి తగిలి బాగవుతుంది, ఎందుకు బాగయిందో తెలియదు, 'రూట్ కాజ్' అనే గడిలో నోటికొచ్చింది రాసి మూసేస్తారు. పై వారం మళ్ళీ అదే. క్యాండీ క్రష్ పదకొండోసారికి దీనికీ తేడా ఏముంది? ఓబ్రా డిన్ ఈ బేరానికి ఒప్పుకోదు. ఎందుకో చెప్పలేని జవాబుకి అక్కడ దాదాపుగా విలువ లేదు. పన్నెండు గంటలు దానితో గడిపాక నాకు మా టీము ఇష్యూ కాల్స్ అంటే మరింత ఒళ్ళు మండుతోంది, ఇది మాత్రం లాభమో నష్టమో తేల్చుకోలేకపోతున్నా :)

రెండోది 'ఔటర్ వైల్డ్స్' (2019). ఇది అలెక్స్ బీచమ్ అనే కుర్రాడి మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలైంది. చిన్న సౌరకుటుంబం, మీకో చెక్క ముక్కల్తో కట్టినట్టుండే రాకెట్టు. 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు, మీరు పోతారు, మళ్ళీ మొదట్లో కళ్ళు తెరుస్తారు. కొత్త ఆయుధాలు రావు, బలం పెరగదు, నాణేలు దొరకవు. మిగిలేది మీరు తెలుసుకున్నది ఒక్కటే, దాన్ని రాకెట్లో ఉన్న చిట్టా గుర్తు పెట్టుకుంటుంది. అన్నీ తెలిసుంటే ఒక్క 22 నిమిషాల్లో ఆట మొత్తం ముగించెయ్యొచ్చు. తెలియదు కాబట్టే ఇరవై ముప్ఫై గంటలు పడుతుంది.

ఇది మనకేమన్నా కొత్తా? చందమామ బేతాళ కథలు చదివిన ప్రతివాడికీ ఈ యంత్రాంగం తెలుసు. శవాన్ని భుజాన వేసుకుంటాడు, కథ వింటాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం పోతుంది, బేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. మళ్ళీ మొదటికి! ప్రతి చుట్టుకీ విక్రమార్కుడికి మిగిలేది ఒక తీర్పు, అంతే. మా తాతగారి తరం వారపత్రికలో పదబంధ ప్రహేళిక పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం అంతా కూచునేవాళ్ళు. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివాళ్ళు కూర్చిన గళ్ళు అవి. అలా కూచున్న మనిషిని 'ఈ వయసులో ఆటలేంటి' అని ఎవరూ అనలేదు, పైపెచ్చు కాఫీ ఇచ్చారు. కాగితం మీద గళ్ళైతే పాండిత్యం, తెర మీదైతే పోరంబోకుతనమా?

భాష మాటొచ్చింది కాబట్టి మూడోది చెప్తా. 'చాంట్స్ ఆఫ్ సెనార్' (2023), ఫ్రాన్సువాళ్ళది. ఓ పెద్ద గోపురం, ఒక్కో అంతస్తులో ఒక్కో జాతి, ఒకరి లిపి ఒకరికి రాదు. మనకి ఏదీ రాదు. గోడల మీద గుర్తులు, మనుషులు అనేవి, చేసేవి చూసి అర్థం ఊహించి పుస్తకంలో రాసుకుంటూ పోవాలి. ఒక పేజీలో గుర్తులన్నీ సరిగ్గా కుదిరితేనే ఆ పేజీని ఒప్పుకుంటుంది. చూశారా, ఓబ్రా డిన్ సూత్రమే.

మొదటి అంతస్తులో ఒక గుర్తు పక్కపక్కనే రెండుసార్లు వస్తోంది. రెండు రోజులు బుర్ర గోక్కున్నా. మా ఆవిడ గేముల వైపు కన్నెత్తి చూడదు. పాలు తోడుపెట్టి వంటింట్లోంచి వస్తూ తెర వంక చూసి, "ఏమండీ, అదే రెండుసార్లు రాశాడంటే చాలామంది అని కాదూ? మనం ఊరూరా, ఇంటింటా అనమూ?" అంది. కుదిరింది! తెలుగు వ్యాకరణంలో ఆమ్రేడితం అని చదువుకుని పరీక్ష రాసి మర్చిపోయిన సంగతి ఒక ఫ్రెంచి గేములో బహువచనమై కూచుంది. ఆ తర్వాత ఇంకో అంతస్తులో మాటల వరసే తారుమారవుతుంది. ఇంగ్లీషువాడికి అదొక షాకు. 'రాముడు పండు తిన్నాడు' అనే మనకి క్రియ ఎక్కడున్నా పెద్ద కంగారు లేదు. ఈ గేము అయిపోయేదాకా ఆవిడ రోజూ పక్కన కూచుంది. ఇప్పుడు కొత్తదేమన్నా ఉందా అని తనే అడుగుతోంది.

ఇదే సందు వాక్‌త్రూలు చూసేవాళ్ళకి దొరకదు. "ఇరుక్కుంటే యూట్యూబ్‌లో చూసేస్తా" అంటాడు మా టీములో ఒక కుర్రాడు, "ఇంకా అంటే ఫొటో తీసి ఏఐని అడిగేస్తా సార్, రెండు సెకన్లు." అడుగు నాయనా, ఎవరొద్దన్నారు. పగలంతా మనం చేసేదీ అదే, టిక్కెట్టు మూసెయ్యాలి కాబట్టి. రాత్రి తొమ్మిదిన్నరకి నిన్నెవడూ జవాబు అడగట్లేదు కదా! పొడుపు కథ చెప్పమని అడిగి, చెప్పిన వెంటనే "విప్పు" అనేవాణ్ణి చిన్నప్పుడు ఏం చేసేవాళ్ళం? ఆటలోంచి తీసేసేవాళ్ళం. తెలియకపోవడం అనే స్థితిలో ఒక రాత్రి నిద్రపోయి పొద్దున్న లేవడం, పళ్ళు తోముకుంటుంటే తటాలున తట్టడం, ఇదంతా ఆ రెండు సెకన్లలో పోతోంది. మన వృత్తిలో పదేళ్ళ అనుభవం అని రెజ్యూమేలో రాసుకునేది అచ్చంగా ఇలా తెలియకుండా గడిపిన గంటల్నే. వాటిని ఆఫీసులో ఎలాగూ తగ్గించేస్తున్నారు, ఇంట్లో కూడా మనంతట మనమే ఎందుకు పారబోసుకోవడం?

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పరిష్కారం 'మషినేరియం' (2009) వాళ్ళది. చెక్ దేశపు అమానిటా డిజైన్ అనే చిన్న బృందం. తుప్పుపట్టిన ఊళ్ళో బుల్లి రోబోట్ కథ, మాటలుండవు, బుడగల్లో బొమ్మలే. అందులో ప్రతి చోటికీ పూర్తి జవాబులున్న పుస్తకం గేములోనే ఉంది, ఉచితం. కానీ దానికి తాళం. తెరవాలంటే సాలీళ్ళని కాల్చుకుంటూ పోయే చిన్న పిచ్చి ఆట ఒకటి ఆడాలి. కావాలనే విసుగ్గా పెట్టినట్టుంటుంది. మా అమ్మాయి రెండుసార్లు తాళం తీసింది, మూడోసారి "వద్దులే నాన్నా, ఆ సాలీళ్ళకంటే ఆలోచించడమే నయం" అంది. హింటుకి ఖరీదు పెట్టాల్సొస్తే ఇలా పెట్టాలి. డబ్బుల్లో పెడితే తయారుచేసేవాడి బుద్ధి పాడవుతుంది.

అన్నీ బాగున్నాయని కాదు. 'ది విట్నెస్' (2016) లో అయిదొందల పైచిలుకు గీతల పజిళ్ళు, ఒక్క ముక్క వివరణ లేకుండా ఒకదాన్నుంచి ఒకటి నేర్పే పద్ధతి చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ ఆ ద్వీపంలో అక్కడక్కడా దొరికే ఉపన్యాసాల టేపులు వినడం నా వల్ల కాలేదు. 'బ్లూ ప్రిన్స్' (2025) ఈ మధ్య అందరూ మెచ్చుకున్నది. 45 గదుల భవనంలో 46వ గది వెతకాలి, రోజూ గదులు మారిపోతాయి, ప్రతి తలుపు దగ్గరా మూడింట్లో ఒక గది ఎంచుకోవాలి. పజిళ్ళు అద్భుతం. ఐతే జవాబు తెలిసి కూడా కావలసిన గది పడక రోజులకి రోజులు తిప్పుకోవాల్సి వస్తుంది. మిఠాయిల జబ్బు దీనికి కొంచెం అంటిందని నా అనుమానం.

"టైమెక్కడిది గురూ" అంటారా? ఓబ్రా డిన్ పన్నెండు గంటలు అన్నాను కదా, అది నాలుగు ఐపీఎల్ మ్యాచులంత కూడా లేదు. ఓటీటీలో ఒక సీజన్ సగం నిద్రలో చూసేసి ఎవడు ఎవణ్ణి చంపాడో కూడా గుర్తులేని మనం టైము గురించి మాట్లాడకపోతేనే మర్యాద. పైగా ఇవి అయిపోతాయి. అయిపోయే గేము మిమ్మల్ని వదిలేస్తుంది. నోటిఫికేషన్ పంపి "మీ ప్రాణాలు నిండాయి, రండి" అని పిలవదు. డబ్బు కూడా ఒక్కసారే, సేల్లో ఐతే ఇంటిల్లిపాదికీ బిర్యానీ ఖర్చు కూడా అవ్వదు. ఉచితం అన్న గేముకి నెలనెలా వందలు పోసేవాళ్ళు వీటికి "అమ్మో, కొనాలా?" అంటుంటే ఏమనాలో తెలియదు.

ఒక్క బాధ మాత్రం మిగిలింది. క్రౌథర్ ఒక్కడు, పోప్ ఒక్కడు, సెనార్ వాళ్ళు గుప్పెడుమంది. ఇక్కడ మనం లక్షల్లో ఉన్నాం, అందరికీ కోడింగొచ్చు. బేతాళుడున్నాడు, యక్షప్రశ్నలున్నాయి, అవధానాల్లో నిషిద్ధాక్షరి ఉంది, పులిజూదం ఉంది. నిషిద్ధాక్షరి కన్నా మంచి పజిల్ యంత్రాంగం ఏ విదేశీ గేములో ఉందో చూపించండి. ప్రతి అక్షరానికీ ఎదుటివాడు తర్వాత ఏ అక్షరం వాడకూడదో చెప్తుంటే దారి మార్చుకుంటూ పద్యం పూర్తి చెయ్యాలి! పుణెలో ఒక చిన్న బృందం 2020 లో 'రాజీ' అని మన పురాణాల మీద గేము చేసింది, చూడ్డానికి చాలా బాగుంటుంది, కానీ అది ప్రధానంగా కొట్లాటే. మనకి పురాణం అంటే ముందు యుద్ధమే గుర్తొస్తుంది కాబోలు. నిషిద్ధాక్షరిని తెర మీద పెట్టే ఓపికున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వారాంతాల్లో కోడు రాయడానికి నేను సిద్ధం.

మొదలెట్టాలనుకునేవాళ్ళు పిల్లలుంటే మషినేరియంతో మొదలెట్టండి, భార్యో భర్తో పక్కన కూచుంటానంటే సెనార్, ఒంటరిగా ఐతే ఓబ్రా డిన్. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చెయ్యకండి, ఐటీ వాళ్ళు మెయిలు పెడతారు. పక్కన ఒక తెల్ల నోటుబుక్కు, పెన్సిలు ఉంచుకోండి. ఇరుక్కుపోయి నాకు ఫోన్ చేస్తే మాత్రం జవాబు చెప్పను. మహా ఐతే "ఉయ్యాల పడకల మీద నంబర్లు చూశావా?" అని అడిగి పెట్టేస్తాను.